సుంకమ్మ వైపు

గుండ్రటి వెదురు పుట్టిని నీళ్లలోకి దించి, తాను ఎక్కకముందు తిరుపాల్ రాయిని ఎక్కించాడు. నలభై కిలోలకు తక్కువుండని నల్లరాయి. దాన్ని పొట్టకు అదుముకుని మోకాలిలోతు నీళ్లలో నాలుగడుగులు వేసి, పుట్టి ఆవలి అంచు దగ్గర మెల్లగా వదిలాడు. మొలలో దోపుకున్న కొడవలి తీసి రాయి పక్కనే వెదురుబద్దల అల్లికలో గుచ్చాడు. అప్పుడు చుట్టూ తిరిగి వచ్చి ఇవతలి వైపు నుంచి ఎక్కాడు. అటు ఒరిగిన పుట్టి సర్దుకుని నిలబడింది. రెండేళ్ల కిందటి దాకా ఆ రాయి చోట అతని పెండ్లాం సుంకమ్మ కూర్చునేది. చివరి రోజుల్లో ఆమె కూడా నలభై కిలోలే ఉండేది.

ఆ డ్యాం నీళ్లలో పుట్టికి ఇద్దరు. ఒకరు గాలపు దారం పడితే ఒకరు తెడ్డు వెయ్యాలి. కొడవలి ఎప్పుడూ తెడ్డు పట్టినవాళ్ల దగ్గరే ఉంటుంది. పెద్ద చేప తగులుకుని మనిషి ప్రాణం మీదికి వస్తే దారం కొయ్యాల్సింది వాళ్లే. దారం పట్టినవాడికి ఆ బుద్ధి పుట్టదు, వాడి కళ్లకు చేప తప్ప ఇంకేమీ కనబడదు. ఇదెవరూ కాగితం మీద రాసింది కాదు. డ్యాం కట్టకముందు ఏట్లో పట్టినవాళ్ల నాటి నుంచీ అలాగే నడుస్తోంది. తిరుపాల్ ఇప్పుడు దారమూ తానే, తెడ్డూ తానే. అయినా కొడవలిని మాత్రం తన వైపు పెట్టుకోవాలని ఒక్క రోజూ తోచలేదు. పొద్దున్నే లేచి నూరడం, తెచ్చి అక్కడ గుచ్చడం, అంతే. చెప్పులు ఎక్కడ విడుస్తామో ఆలోచించి విడుస్తామా?

గట్టు మీద ఎమ్మిగనూరు నుంచి వచ్చే చేపల వ్యాపారి దేవదాసు ఐసు పెట్టెలు దించుకుంటున్నాడు. ఆషాఢపు గాలికి లుంగీ ఒక చేత్తో పట్టుకుని అరిచాడు.

"తిరుపాలన్నా! ఈ గాల్లో ఒగనివే యాడికి పోతాండావు?"

"నీ పెట్టెలో పెద్ద చోటు ఖాళీగా పెట్టుకో. సాయంత్రం తెస్తా."

"చిన్నప్పతో పంతానికి పోతాండావు. వద్దన్నా."

"వాడెవడ్రా నాతో పంతానికి?" అని తిరుపాల్ తెడ్డు వేశాడు.

పంతమే. అది గట్టు మీద కుక్కలకు కూడా తెలుసు. పోయిన ఆదివారం చేపలు పట్టేవాళ్ల సంఘం మీటింగులో చిన్నప్ప, అంటే సంఘానికి ప్రెసిడెంటు, తిరుపాలుకు సొంత తమ్ముడు, నలుగురి ముందు లేచి చెప్పాడు. ఒంటి మనిషి పుట్టికి ఇకనుంచి నంబరు ఉండదు. ఇంకోచోట ఎవడో ఒంటరిగా పోయి మునిగాడు, అందుకని పైనుంచి రూలు వచ్చింది. జత మనిషిని తెచ్చుకోనివాళ్లు పుట్టి ఒడ్డున పెట్టాల్సిందే.

"నీకు చేపపిల్లల తొట్ల కాడ కాపలా ఇప్పిస్తాన్నా. నీడుంది. కుర్సీ ఉంది. హాయిగా కూకో."

"కుర్సీలో నువ్వు కూకో, నీకు అలవాటైంది గదా. నేను ఒంటిగా పెద్ద చేప పట్టలేనని సెప్పే మొగోడెవడు ఈడ?"

చిన్నప్ప ముఖం ఎర్రబడింది. నలుగురిలో మాట పడ్డ మనిషి ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాడు. "సరే. శనివారం లోపల ఇరవై కిలోల వాలుగను కాటాకు ఎక్కియ్యి. నీ నంబరు నీకే. నేను అడ్డం వస్తే అడుగు."

ఇవాళ శనివారం. గడిచిన అయిదు రోజుల్లో దొరికినవన్నీ కలిపినా ఇరవై కిలోలు కాలేదు.

పుట్టి పక్కన తెల్ల రంగుతో పదిహేడు అని రాసి ఉంటుంది. ఆ అంకె పోతే తిరుపాలుకు మిగిలేది గట్టు మీద కుర్చీ. పొలం లేదు, పిల్లలు పుట్టలేదు, చదువు రాలేదు, నోరు మంచిది కాదు. ఆ నోటికి భయపడి జత మనిషిగా ఎవరూ రాలేదు. సుంకమ్మ పోయాక చిన్నప్పే వచ్చి ఆమె చోట కూర్చున్నాడు. పదకొండు రోజులు తెడ్డు వేశాడు. తెడ్డు లోతుగా పడిందని తిట్టు, పైపైన పడిందని తిట్టు, దగ్గితే చేప బెదిరిందని తిట్టు. పన్నెండో రోజు తెడ్డును పుట్టిలో పారేసి గట్టెక్కాడు. "వదిన ఎట్ల పడిందోన్నా నీ కాడ ముప్పై ఏండ్లు!" అని ఒక్క మాట అని పోయాడు. ఆ తర్వాత అల్లుళ్లతో కలిసి ఇంజను పడవ తెచ్చుకున్నాడు. తిరుపాల్ ఈ రాయిని తెచ్చుకున్నాడు. రాయి తిట్లకు నొచ్చుకోదు.

నీళ్లు బాగా తగ్గి ఉన్నాయి. డ్యాం నడుమ పాత ఏటి మడుగు ఒక్కటే లోతు, వాలుగలు ఈ కాలంలో అక్కడికే చేరతాయి. పొలుసు లేని చేప, చెవుల దాకా చీలిన నోరు, పొడుగాటి మీసాలు. పట్టపగలు కూడా అడుగున దొంగలా పడుకుని ఉంటుంది. మడుగు దాకా పోవడానికి ఇద్దరైతే గంట. ఒక్కడికి ఎదురుగాలిలో రెండున్నర గంటలు పట్టింది. పుట్టికి ముందూ వెనకా లేవు, తెడ్డు ఆపితే చాలు గిర్రున తిరుగుతుంది. అందుకని ముందుకు వంగి, నీళ్లను తన వైపు లాక్కుంటూ, కుడికోసారి ఎడమకోసారి వేస్తూనే ఉండాలి. యాభై ఎనిమిదేళ్ల భుజాలు. ఎడమ బొటనవేలికి గోరు లేదు, ఎప్పుడో దారం కోసుకుపోయింది. అరచేతుల్లో అడ్డంగా పాత కోతల గీతలు. ఎమ్మిగనూరు తువ్వాలు తలకు చుట్టుకున్నాడు, దాని అంచు చెమటకు తడిసి కళ్లలోకి కారుతోంది. తుడుచుకోవడానికి ఖాళీ చెయ్యి లేదు.

మడుగు మీదికి చేరి, బతికున్న చేపపిల్లను గాలానికి గుచ్చి వదిలాడు. దారాన్ని కాలి బొటనవేలికి ఆనించుకుని కాచుకున్నాడు. పొద్దు నడినెత్తికి వచ్చింది. ఆకలేసింది. జొన్నరొట్టె మూట విప్పి ఒక ముక్క విరిచేలోగా గాలి పుట్టిని మడుగు దాటించి నీళ్లలో మునిగిన తుమ్మ మొద్దుల వైపు తోసేసింది. రొట్టె నోట్లో పెట్టుకుని తెడ్డు అందుకున్నాడు. మళ్లీ మడుగు మీదికి వచ్చి ఇంకో ముక్క విరిచాడు. మళ్లీ తోసింది. ఒక్క రొట్టె తినడానికి నాలుగుసార్లు పుట్టిని లాక్కొచ్చుకున్నాడు.

అప్పుడు ఒక సంగతి తట్టింది. ముప్పై ఏళ్లు ఈ నీళ్ల మీద తను నింపాదిగా రొట్టె తిన్నాడు. పుట్టి కదిలేది కాదు. అంటే ఆమె తెడ్డు వేస్తూ ఉండేది. మరి ఆమె ఎప్పుడు తినేది? ఎంత తల బద్దలు కొట్టుకున్నా, పుట్టిలో సుంకమ్మ నోట్లో ముద్ద పెట్టుకోవడం చూసినట్టు గుర్తు రాలేదు.

"ఎప్పుడు తింటాంటివే?" అని రాయిని అడిగాడు.

ఆమె గురించి తలుచుకుంటే ఎప్పుడూ ఒకే రోజు దగ్గర వచ్చి ఆగుతుంది. ఎనిమిదేళ్ల కిందట, ఇదే ఆషాఢం. పెద్ద వాలుగ తగిలింది. దారం అతని చీలమండకు చుట్టుకుని, నడుము దాకా అంచు మీదికి లాగేసింది. అయినా వదల్లేదు. ఆమె తెడ్డు వదిలి కొడవలి అందుకుని ఒక్క వేటుకు దారం కోసేసింది. చేప పోయింది. తిరుపాల్ లేచి కూర్చుని, ఊపిరి తీసుకుని, ఆమెను కొట్టాడు. పుట్టిలోనే, నడినీళ్లలో, ఎటూ పోవడానికి లేని చోట.

"ఇంకో చేప దొరుకుతాదప్పా. నిన్ను యాడ తెచ్చుకునేది?" అంది ఆమె చెంప పట్టుకుని. ఇరవై రోజులు అతను ఆమెతో మాట్లాడలేదు. ఊరందరితో మాత్రం మాట్లాడాడు, పెండ్లాం చేతగానితనం వల్ల ఎంత చేప పోయిందో చెప్పుకుంటూ. చెప్పిన ప్రతిసారీ ఆ చేప రెండు కిలోలు పెరిగింది. కాటా ఎక్కిన ప్రతి చేపనూ జనం తిరుపాల్ పట్టిన చేప అన్నారు. ఆమె కూడా పట్టిందని అతను ఒక్కసారీ అనలేదు. కామెర్లు ముదిరి ఆదోని ఆసుపత్రిలో పడుకున్న తొమ్మిదో రోజున, "పుట్టికి తారు పూసినావా?" అని అడిగింది. పూశానన్నాడు. పూయలేదు. ఆమె సరేనని కళ్లు మూసుకుంది.

పొద్దు వాలాక దారం బిగుసుకుంది.

మొదట బరువు మాత్రమే, కదలికే లేదు, మొద్దుకు తగులుకుందేమో అనుకున్నాడు. తర్వాత ఆ మొద్దు నడిచింది. తిరుపాల్ ఒంట్లో నెత్తురు ఇరవై ఏళ్లు వెనక్కి పోయింది. తెడ్డు పడేసి రెండు చేతులా దారం పట్టాడు. ఆ క్షణమే పుట్టి గిర్రున తిరిగింది, దారం అంచు చుట్టూ రాసుకుంటూ పోయింది, దానితోపాటు అతనూ తిరిగాడు. తెడ్డు వేస్తే తప్ప పుట్టి నిలవదు. తెడ్డు పడితే దారం నిలవదు. రెండు చేతుల మనిషికి మూడు చేతుల పని. దారాన్ని ఎడమ మణికట్టుకు ఒక చుట్టు చుట్టాడు. చాలలేదు. ఇంకో రెండు చుట్టి, కుడిచేత్తో తెడ్డు అందుకున్నాడు. ఆ పని చెయ్యకూడదని అతనికి తెలియక కాదు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు మొదటి రోజే తనే చెప్పేవాడు, చెప్పి తలమీద ఒకటి మొట్టేవాడు.

గంటసేపు లాగాడు, వదిలాడు, మళ్లీ లాగాడు. మణికట్టు తెగి దారం ఎర్రగా అయింది. చివరికి చేప ఒకసారి పైకి తేలింది. వెడల్పాటి బూడిదరంగు తల, మీసాలు, చీలిన నోరు. ఇరవై కాదు, పైనే ఉంటుంది. తిరుపాల్ నవ్వాడు. పండగ నాడు కూడా అలా నవ్వి ఎరగడు.

"సూస్తివా? సూస్తివా సుంకీ? వాని కుర్సీ వాడే పెట్టుకోనీ!"

చేప మునిగి తుమ్మ మొద్దుల వైపు దూకింది. ఎడమచెయ్యి అంచు మీదికి పోయింది, చెయ్యి వెంట భుజం పోయింది, పుట్టి అటు ఒరిగి నీళ్లు లోపలికి దూకాయి. ఇలాంటప్పుడు సుంకమ్మ ఆవలి అంచు మీద వెల్లకిలా వాలిపోయేది, అంత చిన్న ఒళ్లూ బరువు చేసుకుని. రాయి వాలదు. రాయి జారింది. తడి వెదురు మీద గరగరమంటూ వచ్చి అతని నడుముకు తగిలింది. ఒరుగు ఇంకా పెరిగింది. మణికట్టు మీద చుట్లు ఊడదీద్దామంటే దారం మాంసంలోకి దిగి ఉంది. కుడిచెయ్యి చాచాడు. ఎదురుగా, ఆ చివర, కొడవలి తళతళమంటోంది. ఇంకొక్క జానెడు ఉంటే అందేది.

"కొయ్యవే!" అని అరిచాడు. "సుంకమ్మా, కొయ్యవే!"

ఆ మాట అతని నోట్లోంచి వచ్చిన సంగతి అతనికి తెలిసింది. సిగ్గుపడటానికి మాత్రం వ్యవధి లేకపోయింది. రాయి అంచు దాటి నీళ్లలో పడింది. దాని వెనకే అతను. బరువు తగ్గిన పుట్టి ఒకసారి ఊగి, చక్కబడింది.

నడినీళ్లలో పుట్టి ఊరికే తిరుగుతోందని గట్టు మీది నుంచి మొదట చూసింది దేవదాసే. చిన్నప్ప ఇంజను పడవలో ఒక్కడే పోలేదు, ఇద్దరిని ఎక్కించుకుని పోయాడు. అది రూలు. తుమ్మ మొద్దుకు మెలిపడిన దారం పట్టుకుని పైకి లాగితే ఒక కొసన అన్న వచ్చాడు, రెండో కొసన చేప. మణికట్టు నుంచి దారం విడదీయడం వాళ్ల చేత కాలేదు. రెండింటినీ అలాగే గట్టుకు తెచ్చారు.

మనిషిని పడుకోబెట్టి తువ్వాలు కప్పారు. దేవదాసు ఏం చెయ్యాలో తోచక అక్కడే నిలబడ్డాడు. చేపలు వస్తే కాటా వెయ్యడం ఒక్కటే అతని చేతులకు తెలిసిన పని. దారం కోసి, వాలుగను తీసుకుపోయి తగిలించాడు. ముల్లు ఇరవై మూడు దాటి ఆగింది. అందరూ చిన్నప్ప వైపు చూశారు.

చిన్నప్ప ముల్లును చూశాడు. వచ్చి తువ్వాలు పక్కన గొంతుక్కూర్చున్నాడు. "నంబరు నీదేలేన్నా," అన్నాడు. పదకొండు రోజులు కూర్చున్నవాడు పన్నెండో రోజు కూడా కూర్చుని ఉంటే ఏమయ్యేది? అందరి మనసులోనూ అదే ఉంది.

చీకటి పడేలోగా పుట్టిని ఒడ్డుకు లాగారు. నీళ్లు వంచేసి బోర్లించబోతుంటే ఏదో చేతికి తగిలిందని ఒకడు ఆగమన్నాడు. సుంకమ్మ వైపు, వెదురుబద్దల అల్లికలో, పిడికి ఆమె చుట్టిన చీర పేలికతో కొడవలి గుచ్చినచోట గుచ్చినట్టే ఉంది, పొద్దున నూరిన పదును ఏ మాత్రం చెడకుండా.