డీజిల్ అయిపోయిన చోట

లారీ లోయలో పక్కకు ఒరిగి పడి ఉంది. కాంట్రాక్టర్ శవం వైపు చూడనే లేదు. ట్యాంకు మూత తీయించి, కర్ర దించి చూశాడు.

"డీజిల్ మిగిలే ఉంది. అది చాలక పడిపోలేదు. తాగి తోలాడు వెధవ. అలాగే రాయండి," అన్నాడు పోలీసులతో.

డ్రైవర్లంతా విన్నారు. పొదుపు బాబాయ్ కూడా విన్నాడు. చచ్చిపోయింది ఆయన బావమరిది. ఏడుపు రాలేదు. చేతులు మొద్దుబారి, వేరెవరివో అన్నట్టు వేలాడాయి.

డీజిల్ ధర పెంచేది ఒకరు, లాభం తగ్గనివ్వనిది ఇంకొకరు, మిగిల్చి చూపాల్సింది మాత్రం డ్రైవరు! ధర పెరిగినప్పుడల్లా బాబాయ్ కొండ మీద ఇంజన్ కట్టేసి, బండిని వాలుకు వదిలేసేవాడు. మిగిలింది చూసి కాంట్రాక్టర్ అందరి ముందూ భుజం తట్టాడు. ఆ వెంటనే అందరికీ బాబాయ్ వాడినంతే డీజిల్ కొలిచి పోయించాడు. చాలకపోతే కూలిలో కోత. ఇంజన్ ఆగితే బ్రేకులకు గాలి అందదని తెలిసి కూడా అందరూ అలాగే దిగారు.

ఇంట్లో భార్య ఒక్కటే అడిగింది.

"మా తమ్ముడు నువ్వు దిగినట్టే దిగాడా?"

"ఆఁ."

ఆమె అన్నం పెట్టింది. ఆయన తిన్నాడు. రుచి తెలియలేదు.

షెడ్డులో డ్రైవర్లు మీటింగ్ పెట్టారు. ట్యాంకర్ డ్రైవర్ ఒకడు బాబాయ్ మీదకొచ్చాడు.

"నీ మెప్పు కోసం మా మెడకు ఉరి బిగించావు బాబాయ్!"

"అవునురా."

"అవునంటే అయిపోయిందా?"

"ఊరుకోవోయ్," అన్నాడు ముసలి మెకానిక్. "ఆ తట్టేదేదో నీ భుజం తట్టుంటే నువ్వు పళ్లికిలించేవాడివి కాదూ?"

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు.

బాబాయ్ లేచాడు. "రేపు ఎవడూ ఇంజన్ కట్టెయ్యొద్దు. గేర్లోనే దిగుదాం. పోసినంత వరకే నడుపుదాం. అయిపోయిన చోట ఆపేద్దాం."

"కూలి కోస్తే?"

"అందరిదీ కోయనీ. ఇన్ని బళ్లు వాడొక్కడే తోసుకుంటాడా?"

మర్నాడు బాబాయ్ లారీ వంతెన మీద ఆగింది. దాని వెనక ఒక్కొక్కటే ఆగాయి. కాంట్రాక్టర్ పోలీసులను వెంటేసుకుని పరిగెత్తుకొచ్చాడు.

"బాబాయ్, నువ్వు నా మనిషివి. నీ బండికి పోయిస్తా, తియ్యి."

"అందరికీ పోయించు. మావాడు తాగలేదని రాయించు."

లాఠీ భుజం మీద పడింది. నొప్పి తెలియలేదు. ఈడ్చుకెళ్లి జీపెక్కించారు. బాబాయ్ కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు.

ఇన్‌స్పెక్టర్ డబ్బాతో డీజిల్ పోయించి, ట్యాంకర్ డ్రైవర్‌ను బాబాయ్ లారీ ఎక్కమన్నాడు. అతను ఎక్కాడు. స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. లోపల గడియ పెట్టి, చేతులు కట్టుకున్నాడు.

"స్టార్ట్ చెయ్యరా!"

వంతెన మీద ఒక్క ఇంజనూ మోగలేదు.