పిన్ని చెప్పిన ఉప్పు చిట్కా

ఉప్పెక్కువైన కూరలో బంగాళాదుంప ముక్కలేస్తే ఉప్పు పీల్చేస్తాయని పిన్ని అందరికీ చెప్పేది. తానెన్నడూ చేసి చూడలేదు. ఇవాళ అక్క కూతురింటికి ఆ పిల్ల అత్తగారు తొలిసారి భోజనానికొస్తే, కంగారులో కూరలో ఉప్పెక్కువేసి, ఆ మాటే నమ్మి దుంపలేసింది.

మొదటి ముద్దకే అత్తగారు గ్లాసందుకుంది. “దుంపలు కూడా ఉప్పు కషాయమే! ఎవరు చెప్పారమ్మా ఈ వైద్యం?”

“నాకే తట్టిందత్తయ్యా.” పిల్ల పిన్ని వైపు చూడనైనా చూడలేదు.

పిన్నికి తల కొట్టేసినట్టయింది. నోరు మూసుకుంటే పరువు దక్కేది, పిల్ల మాత్రం చేతకానిదైపోయేది.

“చెప్పింది నేను వదినగారూ. ఎక్కడో విని, వండి చూడకుండా వాగాను.”

“సరేలెండి. ఇంకాసిని కూరగాయలు ఉప్పెయ్యకుండా ఉడికించి కలపండి, తగ్గుతుంది.”

పిన్ని తలెత్తకుండా కత్తిపీట ముందు కూర్చుంది.