కిటికీలు వద్దన్నది మేమే

ఖాజాసాబ్ షెడ్డులో మగ్గం మీదనే వాలిపోయినాడు. కాళ్లు మగ్గం గుంతలోనే ఉండాయి, తల నేస్తాండే పట్టుచీర మీద పడింది. నేను నీళ్ల చెంబు పట్టుకొని ఉరికేలోపల మా నేతోళ్ల సొసైటీ ప్రెసిడెంటు కృష్ణకాంత్ వచ్చినాడు. వచ్చి ఏం జేసినాడనుకున్యారు? ఆ మనిషి తలను పక్కకు జరిపి, చీరకు చెమట అంటిందా అని చూసినాడు. నా రెండు కండ్లతో చూసినా. సచ్చేదాకా మర్చిపోను.

కాలేజీ పిల్లోళ్లు, మిల్లు పనోళ్లు ఇంతమంది కూచున్యారు కాబట్టి మొదట్నుంచీ చెప్తా. నేను చౌడక్కను, ధర్మవరం నేతపనిదాన్ని. మైకు ముందర మాట్లాడే నేర్పు నాకు లేదు. కోపం మాత్రం కడుపు నిండా ఉండాది.

మావి కారే ఇండ్లు. వానొస్తే మగ్గం గుంతల్లోకి నీళ్లు దిగుతాయి, పట్టు పాడైపోతాది. పోయినేడు, అంటే రెండువేల మూడులో, సర్కారు సాయం వచ్చింది, అందరికీ కలిపి ఇనుప షెడ్డు కొందామన్యాడు కృష్ణకాంత్. ఫ్యాక్టరీలో ముక్కలుగా చేసి, లారీలో తెచ్చి, బోల్టులు బిగించి నిలబెట్టే షెడ్డు. ఎగిరి గంతేసినాం. ఒక షరతు పెట్టినాడు: షెడ్డులో చోటు కావాలంటే ఇంట్లో గుంత పూడ్చాల. పూడ్చినాం. "మా మామ కాళ్లు పెట్టిన గుంత ఇది" అని ఖాజాసాబ్ పెండ్లాం పీరాంబీ ఏడ్చుకుంటానే మన్ను పోసింది.

షెడ్డు ఎంచుకునేదానికి అందరం హిందూపురం పోయినాం. ఆడ రెండు రకాలు చూపించినారు. ఒకటి ఒట్టి రేకు. మిట్టమధ్యాన్నం లోపలికి పోతే దోసెపెనం మీద నిలబడినట్లే. ఇంకోదానికి రేకు కింద దూది మాదిరి మెత్త, దాని కింద మళ్లీ రేకు. ఖాజాసాబ్ దానికి చెయ్యి ఆనించి, "ఇదబ్బా! మన మట్టిగోడ మాదిరి సల్లగుండాది" అన్యాడు. అందరం చేతులెత్తినాం. కృష్ణకాంత్ కూడా ఎత్తినాడు.

"కిటికీలు ఎన్ని పెట్టాల?" అని కంపెనీ ఏజెంటు అడిగినాడు.

"ఒగటీ వద్దు!" అని అందరం ఒక్కసారే అరిచినాం. మా నేతోళ్లం మగ్గమున్న గదికి కిటికీ పెట్టం. గాలి సోకితే పడుగు ఎండి పోగులు పుటపుటా తెగుతాయి. తాతల కాలంనాటి అలవాటు అది. మట్టింటి అలవాటును ఇనుపింటికి మోసుకపోయినాం, బుద్ధిలేక. ఏజెంటు నవ్వుకున్యాడు.

లారీలు దిగినంక చూస్తే ఒట్టి రేకు. మెత్త యాడుందప్పా అని అడిగితే, "ముందు నిలబడనీండి, వెనక వేయిద్దాం" అన్యాడు కృష్ణకాంత్. అది వానల కాలం. నమ్మినాం.

ఉగాది దాటినంక రేకు మండింది. పోగులు తెగుతాండాయి, మనుషులు సొమ్మసిల్లి పడిపోతాండారు. మెత్త వేయమని పోయి అడిగితే ఒకటే మాట: "కిటికీలు వద్దన్నది మీరే కదప్పా!" ఆ మాట మోసుకొని తిరిగొచ్చినాం. "కిటికీలొద్దని ఖాజాసాబే గదా గొంతు చించుకున్యాడు" అని మాతోపాటు నేసే యల్లప్ప నిందేసినాడు. మాలో మేమే కొట్లాడుకున్యాం. ఇంటికి పోదామంటే గుంతల్లేవు. ఆ కొట్లాటల నడుమనే ఖాజాసాబ్ ఆ పొద్దు మగ్గం మీద వాలి పానం ఇడిసినాడు.

మట్టి చేసినంక షెడ్డు ముందర మీటింగు పెట్టినాం. కృష్ణకాంత్ పోలీసులను వెంటబెట్టుకొని వచ్చి మళ్లీ అదే పాట. అంతలో జనాన్ని తోసుకుంటా పీరాంబీ వచ్చింది. మొగుడు పోయినంక నాలుగు నెలలు పట్టే ఇద్దత్‌లో ఉండే మనిషి గడప దాటగూడదని పెద్దోళ్లు చెప్పినా దాటింది.

"అవునప్పా, కిటికీలు వద్దన్యాం. అది మా తప్పే. మెత్త కావాలని కూడా అంటిమి గదా? వద్దన్నది బాగా విన్యావు. కావాలన్నప్పుడు నీ చెవులు యాడపోయినాయి? నా మొగున్ని సంపింది కిటికీలు గాదు, నువ్వు!"

యల్లప్ప ముందుకొచ్చి, "వదినా, నీ మొగున్ని అనరాని మాటన్యా" అని చేతులు జోడించినాడు.

"దండాలు మళ్లీ పెడుదువు, పైకెక్కు" అని పీరాంబీ కొడుకు ఇర్షాద్ స్పానరు చేతిలో పెట్టినాడు. "బోల్టులతో వచ్చింది బోల్టులతోనే పోతాది."

ఆ జనాన్ని చూసి పోలీసులు ఇంకా మనుషుల్ని తెచ్చుకునేదానికి ఎనక్కి పోయినారు. చూస్తాండగానే కప్పు విప్పినాం. ఒక్కో రేకును నలుగురం మోసుకపోయి కృష్ణకాంత్ వాకిట్లో పేర్చినాం. చుట్టుపల్లెలోళ్లు బండ్లకు ఇండ్లు కప్పే బోదగడ్డి ఏసుకొచ్చినారు. ఆ ఇనుప కమ్ముల మీదనే బోద కప్పడం మొదలుపెట్టినాం. సగం అయ్యిందో లేదో, పోలీసులు తిరిగొచ్చినారు, లాఠీలు లేచినాయి.

"సొసైటీ ఆస్తి నాశనం చేస్తార్రా?" అని ఎస్సై అరిచినాడు.

"సొసైటీ అంటే ఎవురు సామీ? మేం గాదా?" అన్యాడు యల్లప్ప, తలకాయనుంచి నెత్తురు కారుతాంటే. వాన్ని, ఇర్షాద్‌ను, దొరికిన మగోళ్లందరినీ జీపెక్కించి పెనుకొండ జైలుకు తోలినారు. బెయిలు రాలేదు.

కప్పు ఇంకా సగమే ఉండాది. మళ్లీ ఎక్కితే ఆడోళ్లని కూడా చూడం అని ఎస్సై నిన్న ఇంటింటికీ చెప్పిపోయినాడు. పీరాంబీ అప్పుడే చీర బిగించి ఆడికి పోయింది. నేనూ పోతాండా. బోద కట్టేది వచ్చినోళ్లు లేయండి. అది రానోళ్లు వచ్చి నిచ్చెన పట్టుకోండి.