మంచు బండి చైను

మంచు మీద నడిచే బండిని చూసుకునేవాళ్ళు మంచు చూసి ఉండాలని ఎక్కడా రాసి లేదు. యూనివర్సిటీ వర్క్‌షాపులో టెక్నీషియన్ వనజ కొన్నేళ్ళుగా దాని ఆలనా పాలనా చూస్తోంది. ఏటా మార్చిలో, తార్నాక రోడ్ల మీద మధ్యాహ్నాలు మండడం మొదలయ్యే రోజుల్లో, ఆ బండి లారీ ఎక్కి హిమాలయాలకు పోతుంది. ప్రొఫెసర్ మల్లికార్జున బృందం దాని మీద తిరిగి, అక్కడి హిమానీనదాన్ని కొలుచుకుని వస్తుంది. వనజ మాత్రం సాయంత్రానికి ఆటో ఎక్కి లాలాపేట్‌లోని ఇంటికి పోతుంది.

ఈసారి అలా కాదు. బండితో పాటు ఒక మెకానిక్ కూడా వెళ్ళడానికి పైవాళ్ళు ఒప్పుకున్నారు. ఆ మెకానిక్ వనజే. సంగతి తెలిసిన రోజు అత్త సారలమ్మ "మంచుల నీకేం పనే?" అని మూతి ముడిచింది. మర్నాటికల్లా వాడకట్టంతా చాటి వచ్చింది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, అక్కడి చలికి కోడలి ముక్కు ఎర్రబడుతుందని కూడా చెప్పుకుంది. వనజ పైకి నవ్వింది గానీ, తనది అంతకంటే ముదిరిన పిచ్చి. జీవితంలో దేని మీదా ఇంత ఆశ పెట్టుకోలేదు.

రేపే లారీ వస్తుంది. ఇవాళ చివరి తనిఖీ. బండి వెనక భాగాన్ని స్టాండు మీదికి లేపింది. ఇంజను బలాన్ని కింద ఉండే రబ్బరు పట్టాకు అందించేది ఒక చైను. సైకిలు చైనుకు పెద్దక్క లాంటిది, నూనె పెట్టెలో మునిగి తిరుగుతుంది. మరీ వదులైతే పళ్ళు దాటి ఎగురుతుంది, మరీ బిగుతైతే తెగుతుంది. దాన్ని మధ్యరకంగా ఉంచేది టెన్షనర్. దాని స్క్రూని వేళ్ళతో బిగిసేదాకా తిప్పి, ఒక రవ్వ వెనక్కి తీసి, నట్టు బిగించాలి.

దానికి ముందు పట్టాను చేత్తో మెల్లగా తిప్పి చూడాలి. అప్పుడు కళ్ళు మూసుకోవడం వనజకు అలవాటు. రేకుల కప్పు కింది ఉడుకు, గోడ అవతలి బస్సుల మోత దూరమైపోతాయి. కళ్ళ ముందుకు తెల్లటి నేల వస్తుంది. బండి నడిపేది మౌనిక, కడప నుంచి వచ్చి ప్రొఫెసర్ దగ్గర పరిశోధన చేస్తున్న పిల్ల. వెనక సీటులో వనజ. అసలు చలి ఎలా ఉంటుందో తెలియక, ఫ్రిజ్ తలుపు తీసినప్పటి గాలినే అక్కడా వీయించుకుంటుంది. ఆకాశమూ నేలా ఒకే రంగు. ఎంత దూరం పోయినా చెయ్యి నొప్పి పుట్టదు.

ఇవాళ ఆ మంచు దారిలో బండి ఒకసారి తడబడింది. ఇంకొంచెం పోయాక మళ్ళీ తడబడింది. ఆ తర్వాత ఆగిపోయింది. చుట్టూ నరమానవుడు లేడు. మౌనిక వెనక్కి తిరిగి చూసింది.

వనజ కళ్ళు తెరిచింది. మళ్ళీ తిప్పింది. చైను ఒక చుట్టు తిరిగినప్పుడల్లా ఒకే చోట పట్టుకుని వదులుతోంది. నూనె దించి, కవర్ విప్పింది. నూనె పెట్టె బిరడాకుండే అయస్కాంతానికి అరిగిన ఇనుప రజను అంటుకుని ఉంది. చైను సాగిపోయింది. ఏటా కాస్త కాస్త బిగిస్తూ వచ్చిన స్క్రూకి ఇక లోపలికి పోవడానికి చివరి మర ఒక్కటే మిగిలింది. ఆ చివరి మరలో బిగించేస్తే రేపటికి నిలుస్తుంది, ఎవరికీ తెలియదు. కొత్త చైను విదేశం నుంచి రావాలి, రాణిగంజ్ విడిభాగాల బజారంతా గాలించినా దొరకదు. అది వచ్చేసరికి అక్కడ మంచు కరిగే రోజులు వచ్చేస్తాయి.

బండి పోకపోతే మెకానిక్కూ పోదు.

కవర్ బిగించింది. విప్పింది. మళ్ళీ బిగించింది. అన్నం డబ్బా తెరవలేదు. ఇంతగా చూడమని ఎవరేడ్చారు అని తన చేతినే తిట్టుకుంది. కళ్ళు మూసుకుని మళ్ళీ మంచులోకి పోబోయింది. బండి కదిలితేగా. మౌనిక ఇంకా వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది.

సాయంత్రం మల్లికార్జున, మౌనిక కొబ్బరికాయ, నిమ్మకాయలు తీసుకుని వచ్చారు. బయల్దేరే ముందు బండికి దిష్టి తీయడం ఏటా ఉన్నదే.

"కాయ కొట్టకుండ్రి సార్," అంది వనజ. "చైను ఖరాబైంది. బండిని పంపొద్దు."

"పోయినేడు బాగనే ఉండె కదమ్మా. ఈ ఒక్కసారికి నడవదా?"

"నడుస్తది సార్. ఎందాక నడుస్తదో చెప్పలేను."

ఆయన వంగి, పట్టాను తానే తిప్పి చూశాడు. చైను అదే చోట పట్టుకుంది. లేచి నిలబడ్డాడు.

"అయితే నడిచే పోతాంలే. సామాను గుర్రాలకెత్తుతాం," అన్నాడు. వనజ వైపు తిరిగి, "మరి నీ సంగతమ్మా?" అని అడిగాడు.

"బండి లేని కాడ నాకేం పని సార్."

ఆయన లారీవాళ్ళకు ఫోన్ చేయడానికి బయటికి వెళ్ళాడు.

అప్పుడు వనజకు ఏడుపొచ్చింది. చేతుల నిండా నూనె, తుడుచుకోవడానికి లేదు. మౌనికే తన చున్నీతో ఆమె కళ్ళు తుడిచింది.

"చైను పాడైందని నీకెట్ల తెలిసె అక్కా?"

"నువ్వు మంచు నడిమిట్ల ఆగిపోయినవ్. నాకు కనవడ్డది."

మౌనికకు నవ్వాలో వద్దో తెలియలేదు. "ఆడ నువ్వు గూడా ఉంటివా?"

"ఉన్న. నీ ఎనకనే కూసున్న," అంది వనజ. "గందుకే చెప్పనీకి ఇంతసేపు పట్టింది."