అడుగున ఒనీటా పేరు

గాజుసామాను కనిపిస్తే ఎవరైనా ముందు బొమ్మ చూస్తారు. మా అన్నయ్య వెర్లిన్ ముందు తిరగేసి అడుగు చూస్తాడు. మా ఊరి గాజు ఫ్యాక్టరీలో బొమ్మలు వేసే ఆడవాళ్ళు ప్రతి వస్తువు అడుగునా తమ పేరు రాసేవారు. అన్నయ్యకి కావలసింది ఒక్క పేరే, ఒనీటా. మా వదిన. ఆవిడ పోయినప్పటి నుంచి ఆ పేరు కోసం ఒహాయో నదికి అటూ ఇటూ ఉన్న పాతసామాన్ల అంగళ్ళన్నీ గాలిస్తున్నాడు. ఆయనకి కళ్ళు సరిగా ఆనవు కాబట్టి బండి నడిపేది నేను, సణిగేదీ నేనే.

"బతికున్నన్నాళ్ళూ ఆవిడ వేసింది ఒక్కటీ కొని ఇంట్లో పెట్టుకోలేదు. ఇప్పుడు ఊళ్ళ మీద పడ్డావు," అనేదాన్ని.

"అప్పుడు మనిషే ఇంట్లో ఉంది కదే," అనేవాడు.

నేను గేరు మార్చేదాన్ని.

అలమారా నిండిపోయింది. గులాబీలు, డైసీలు, మంచు కప్పిన చర్చీలు. అన్నీ కంపెనీ వేయమన్న బొమ్మలే. వదిన తన ఇష్టానికి వేసుకున్నది ఒక్కటే, ఒక పాలరంగు గాజు కూజా. దాని మీద వాళ్ళ ఇల్లు, నీలం తలుపు, అరుగు మీద కుర్చీలో కూర్చుని బూట్లు విప్పుకుంటున్న అన్నయ్య. స్నేహితురాలు బ్యూలా జబ్బుపడితే ఆ కూజాని తీసుకెళ్ళి ఇచ్చేసింది. "నీకు ఇంకోటి వేస్తాలే," అని అన్నయ్యతో అంది. వెయ్యలేదు. ముందు తనే పోయింది.

అన్నయ్య వెళ్ళి కూజా అడిగితే, "నేను పోయాక తీసుకుపో వెర్లిన్, అందాకా ఉండనీ," అందట బ్యూలా. ఆ మాటన్నాక ఏళ్ళ తరబడి గుండ్రాయిలా బతికింది ముసలిది. దేవుడు క్షమించాలి గానీ, చర్చిలో ఆవిణ్ణి చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది.

ఈ మార్చిలో బ్యూలా పోయింది. ఆవిడ మేనకోడలు ట్రిష్ మమ్మల్ని పిలిచి కూజా అన్నయ్య చేతిలో పెట్టింది.

"ఈ గాజు గొడవలు నాకేం తెలీవండీ. ఈకల కుచ్చుతో పైపైన దులిపేదాన్ని, అంతే," అంది.

బండెక్కగానే అన్నయ్య కూజా తిరగేసి నా ముందు పెట్టాడు. "చదువు."

"ఒనీటా," అని చదివాను. పేరు కింద సంవత్సరం కూడా ఉంది. పైకే చదివాను. ఫ్యాక్టరీ మూతపడిన మరుసటి ఏడాది అది.

"చూశావా, పని పోయినా చెయ్యి ఊరుకోలేదు," అన్నాడు. ఆయన నవ్వడం చూసి ఎంతకాలమైందో. దారిలో ఆగి మాంసం కూరిన రొట్టెలు, పెప్పరోనీ రోల్స్, కొనుక్కుని, బండిలోనే పిల్లల్లా తిన్నాం.

కొత్తగా వచ్చిన గాజుకి గోరువెచ్చని సబ్బునీళ్ళలో స్నానం చేయించందే అలమారాలో పెట్టడు అన్నయ్య. మా దగ్గర గాజు పోగుచేసేవాళ్ళందరిదీ అదే అలవాటు. ఫ్యాక్టరీ రంగు బట్టీలో కాలి గాజుని పట్టేసుకుంటుంది, ఇక ఎంత కడిగినా పోదు. సింకులో పాత తువ్వాలు పరిచి నీళ్ళు నింపాను.

"ఇలా ఇయ్యి, నేను కడుగుతా. నీకు చేతులు వణుకుతాయి."

"పోవే. దీన్ని నేనే కడుక్కోవాలి."

కూజా నీళ్ళలో ముంచి మెల్లగా రుద్దుతున్నాడు. నేను కాఫీ పెడుతున్నాను.

"జెల్మా, ఇదేంటే, జిగటగా చేతికి తగులుతోంది?"

"సబ్బు అయ్యుంటుంది," అంటూ తిరిగాను. నీళ్ళు నీలంగా ఉన్నాయి.

అప్పుడు తట్టింది నాకు, ఆ సంవత్సరం. ఫ్యాక్టరీ మూసేశాక వదిన ఈ బొమ్మ వంటింటి బల్ల మీద వేసింది. కాల్చడానికి బట్టీ ఎక్కడిది? ఫ్యాక్టరీ బట్టీ ఆర్పిన రోజు, అక్కడే పనిచేసే అన్నయ్య దాని ముందే నిలబడ్డాడు. ఇద్దరం సంవత్సరం చదివి సంబరపడ్డాం. ఏమీ తెలియని ఆ పిల్ల ఈకలతో దులిపి కాపాడింది. అన్నీ తెలిసిన మేం తెచ్చి కడిగేశాం.

"తియ్యి! బయటికి తియ్యి అన్నయ్యా!"

తీశాడు. తెల్లగా ఉంది కూజా. పిడి పక్కన కుర్చీ కాలు ఒకటి మిగిలింది. దాని మీద ఆయన బొటనవేలు ఉంది. వేలు తీస్తే అదీ వచ్చేసింది.

"తలుపుందా?"

"లేదు."

"అరుగు? నేను?"

కూజా అందుకుని చుట్టూ తిప్పి చూశాను.

"అడుగు చూడు. పేరు చూడవే."

తిరగేశాను. గాజులోనే పోసిన కంపెనీ ముద్ర చెక్కుచెదరకుండా ఉంది. పేరు లేదు. చెప్పక తప్పలేదు.

కూజాని తువ్వాల్లో చుట్టి బల్ల మీద పెట్టి, సింకు బిరడా తియ్యబోయాను.

"నీళ్ళు వదలకు," అన్నాడు. రెండు చేతులూ మళ్ళీ ఆ నీళ్ళలో పెట్టాడు.

కాఫీ పొంగి పొయ్యి మీద పడింది. ఆర్పేసి వచ్చి పక్కన నిలబడ్డాను.

"నీళ్ళు చల్లారిపోయాయి, చేతులు కొంకర్లు పోతాయి, రా అన్నయ్యా."

"ఇందులోనే ఉంది కదే," అన్నాడు.

ఆ బిరడా ఏనాటిదో, సరిగా బిగుసుకోదు. ఆయన మణికట్ల దాకా ఉన్న నీళ్ళు అప్పటికే వేళ్ళ దాకా దిగాయి. ఆయన చూపుకి అది ఆనలేదు. నేను చెప్పలేదు.