పిలుపు లేని పండుగ

మా ఆయన ఒబ్రెన్ తన కుడి మోకాలు అమెరికా తీసుకుందని ఊరంతా చెప్పుకుంటాడు. నిజానికి తీసుకుంది నా ప్లమ్ పళ్ల జామ్. అమెరికావాళ్లు మా దేశం మీద బాంబులేసిన ఆ వసంతంలో సైరన్ మోగగానే, కరెంటు లేని చీకట్లో నేలమాళిగలోకి పరుగెత్తుతూ, నా చేతిలోంచి జారి పగిలిన జామ్ సీసా మీద కాలేసి, జారి మోకాలి మీద పడ్డాడు. పైన విమానాలు, కింద ఈయన, మధ్యలో నా జామ్. ఆ మాట నేనెక్కడా అనలేదు. నొప్పికి ఒక శత్రువు ఉంటే మోయడం కాస్త తేలికని ఊరుకున్నాను.

ఆ బాంబుల్లో మా ఊరి వంతెన పోయింది. ఏడేళ్లకు ఒక అమెరికా కంపెనీ వచ్చి మా ఎనామిల్ గిన్నెల ఫ్యాక్టరీని కొన్నది. "కొట్టినవాడే కొనుక్కున్నాడు" అన్నాడు ఒబ్రెన్. అన్నాడే గానీ మర్నాడు పనికి వెళ్లాడు. అందరూ వెళ్లారు. వాళ్ల జీన్స్ ప్యాంట్లే వేసుకుని, వాళ్ల కోలాలో మా సారా కలుపుకుని తాగుతూ వాళ్లనే తిట్టేవాళ్లు. తిట్టడానికైనా ఓపిక ఉండాలి. అప్పట్లో మా అందరికీ ఉండేది.

ఇంకో ఆరేళ్లకు, అక్టోబరులో, ఫ్యాక్టరీ మూసేస్తారనే గుసగుస మొదలైంది. తూర్పున ఎక్కడో మాకంటే చవగ్గా చేసే దేశం దొరికిందట. ఒకప్పుడు ఇంకెవరికంటేనో చవగ్గా చేస్తామనే మమ్మల్ని కొన్నారు. ఎవరి కూడో మేం తిన్నాం, ఇప్పుడు మా కూడు ఇంకెవరో తింటారు. ఆ మాట యూనియన్ మీటింగులో ఎవరూ అనరు.

ఒబ్రెన్ బట్టీ మనిషి. గిన్నెలకు పూత కాల్చే ఆ బట్టీ పక్కనే ఇరవై రెండో ఏట నుంచి నిలబడ్డాడు. బట్టీ ఒకసారి చల్లారితే లోపలి ఇటుకలు పగులుతాయి. అంత పాతదాన్ని మళ్లీ ఎవరూ వెలిగించరు. అది ఆరితే ఫ్యాక్టరీ ఆరినట్టే. ఈయనకు పింఛను రావాలంటే ఇంకా ఎనిమిది నెలల పని ఉంది. యాభై తొమ్మిదేళ్ల కుంటి మనిషికి ఆ ఎనిమిది నెలల పని ఇంకెవడిస్తాడు?

అయినా గేటు దగ్గర మైకు పట్టుకున్నది ఈయనే.

"అమెరికావాడి ముందు నేను చేతులు కట్టుకుని నిలబడను! చెప్పేదేదో వాడే వచ్చి నా ముందు నిలబడి చెప్పాలి!"

జనం చప్పట్లు కొట్టారు. మా ఎదురింటివాడు, ఈయనతో పనిచేసే క్ర్స్‌మాన్ ఆ ఊపులో ఫ్యాక్టరీ గోడ మీద 'అమెరికా, పో' అని నీలం రంగుతో రాశాడు. రంగు ఫ్యాక్టరీదే. కంపెనీ తెప్పించిన మంచి సరుకు, ఎంత కడిగినా పోదు.

నేను ఆ ఫ్యాక్టరీలోనే ఆఫీసు గదులు తుడుస్తాను. అమెరికా నుంచి వచ్చిన మేనేజరు హాన్లన్ గదిలో గోడ క్యాలెండరు మీద నవంబరు రెండో సోమవారం చుట్టూ ఎర్రగీత చూశాను. పక్కన బట్టీ బొమ్మ, దాని మీద అడ్డగీత. చదువు రానివాళ్లకైనా అర్థమయ్యే రాత. చీపురు పట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడ్డాను. అప్పుడే ఆయన లోపలికొచ్చాడు. ఒంటరి మనిషి, ఎప్పుడూ కాస్త వంగి నడుస్తాడు. రెండేళ్లుగా మా భాష నేర్చుకుంటున్నాడు, అది ఆయనకు ఇంకా లొంగలేదు.

"గురువారం మా ఇంట్లో స్లావా. రండి" అన్నాను.

నోరు జారడం కాదు, తెలిసే అన్నాను. మాలో ప్రతి ఇంటికీ కాపుగా ఒక క్రైస్తవ సాధువు, ఆయనకొక రోజు. ఆ రోజే స్లావా. మా ఇంటి సాధువు దిమిత్రి. పిలవని పేరంటానికి వెళ్లకూడదంటుంది లోకం. స్లావాకి మాత్రం పిలవడమే తప్పు. తెలిసినవాడు తనే వస్తాడు, ఒకసారి వచ్చినవాడు బతికున్నన్నాళ్లూ వస్తాడు, పగవాడొచ్చినా గుమ్మంలోంచి తిప్పి పంపరు. పిలిచామంటే అతిథిని అడుక్కున్నట్టు. మా అత్త, ఆమె అత్త, ఎవరూ చెయ్యని ఆ పని నేను చేశాను. మా ఉప్పు తిన్న మనిషి పని జాబితాలోంచి మా ఆయన పేరు కొట్టెయ్యలేడని నా ఆశ.

"నన్నా? పిలుస్తున్నారా?" అన్నాడు హాన్లన్. ముఖం ఎర్రబడింది. మా ఊళ్లో ఆయన్ని ఇంటికి రమ్మన్నది నేనే మొదటిదాన్ని కాబోలు.

ఇంటికొచ్చి క్యాబేజీ ఆకుల్లో మాంసం చుడుతుంటే అప్పుడు తట్టింది. స్లావా నాడు ఇంటి యజమాని కూర్చోడు. ఆఖరి అతిథి లేచి వెళ్లేదాకా నిలబడే వడ్డిస్తాడు. గేటు దగ్గర మైకులో అంత మాటన్న మనిషిని అమెరికావాడి ముందు నిలబెట్టే ఏర్పాటు నేనే చేశాను. అప్పటికి చేతులు కాలాయి.

గురువారం మధ్యాహ్నానికి ఇల్లు నిండింది. హాన్లన్ గుమ్మంలో కనపడగానే ముప్పై మంది నోళ్లూ మూతపడ్డాయి. చేతిలో ఒక సీసా, పన్నెండు పూలు. మేం సరి సంఖ్యలో పూలు సమాధికి తీసుకెళతాం. గబగబా అందుకుని ఒకటి తీసి జేబులో దాచుకున్నాను. ఒబ్రెన్ ఆయన్ని చూశాడు, సాధువు పటం ముందు వెలిగించిన మైనపువత్తి వైపు చూశాడు, నా వైపు చూడలేదు. గుమ్మంలోకొచ్చినవాడు అతిథి. వచ్చినవాళ్లు ముందుగా రుచి చూడాల్సిన తీపి గోధుమల గిన్నె ముందుకు చాచాడు. హాన్లన్ ఒక చెంచా తిని, చూపించిన కుర్చీలో కూర్చున్నాడు.

ఒబ్రెన్ నిలబడ్డాడు.

క్ర్స్‌మాన్ ఊరుకుంటాడా? "ఏరా ఒబ్రెన్, దొర ముందు నిలబడనన్నావుగా?" అన్నాడు, అందరికీ వినపడేలా.

"నేను నిలబడింది సాధువు ముందురా. వాడు మధ్యలో కూర్చున్నాడు" అన్నాడు ఒబ్రెన్.

నవ్వులు లేచాయి. హాన్లన్ అర్థంకాక తనూ నవ్వాడు. తర్వాత మాటిమాటికీ అదే గొడవ. "మీరు కూర్చోండి, దయచేసి. మీ మోకాలు..." అంటాడు ఆయన. "తిను" అంటాడు ఈయన. మళ్లీ వడ్డిస్తాడు. వచ్చినవాళ్లు ఒక్కొక్కరే లేచి వెళ్లారు, క్ర్స్‌మాన్ కూడా వెళ్లాడు. హాన్లన్ కదలడు. ఈయన కూర్చుంటే ఏదో చెప్పాలని ఆయన ఆగాడు. ఆయన లేస్తే కూర్చోవాలని ఈయన ఆగాడు. ఇద్దరి సంగతీ తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. నోరు విప్పలేక కడిగిన పళ్లాలే మళ్లీ కడిగాను.

చివరికి హాన్లన్ లేచాడు. "మీరు కూర్చోకపోతే నేను చెప్పలేను."

"నిలబడే చెప్పు."

చెప్పాడు. సోమవారం బట్టీ ఆర్పేస్తారు. యంత్రాలు విప్పి పంపేదాకా కాపలాకి ఒక మనిషి కావాలి, జులై దాకా పని ఉంటుంది. "ఒక్క పేరే ఇచ్చారు నాకు. మీ పేరు రాశాను."

అమెరికావాడు తన ముందు నిలబడి చెప్పాలన్నాడుగా ఒబ్రెన్, అచ్చం అలాగే జరిగింది. చప్పట్లు కొట్టడానికి మాత్రం ఎవరూ లేరు.

"క్ర్స్‌మాన్ సంగతేంటి?" అన్నాడు ఒబ్రెన్.

"ఒక్క పేరే" అన్నాడు హాన్లన్, నేల చూస్తూ.

మర్నాడు కాఫీ తాగుతూ ఒబ్రెన్ "వెళతాను. తిట్టేవాళ్లు తిట్టుకోనీ" అన్నాడు. ముఖంలో సంతోషం లేదు. నాకు మాత్రం గుండె మీంచి రాయి దిగినట్టైంది, ఆ సంతోషానికి సిగ్గూ వేసింది. సోమవారం గ్యాసు మీట తిప్పి బట్టీని ఆర్పింది కూడా ఈయన చేతులే. మూడు రోజుల తర్వాత లోపల ఇటుకలు టప్ టప్‌మని పగలడం వినపడిందట. ఇంటికొచ్చి ఆ ఒక్క మాట చెప్పి పడుకున్నాడు.

చలికాలమంతా చల్లారిన బట్టీకి కాపలా కాశాడు. ఎవరి నుంచి? మా వాళ్ల నుంచే. రాగితీగ పీక్కుపోవడానికి వచ్చేవాళ్లు, ముప్పై ఏళ్లు పక్కపక్కన పనిచేసినవాళ్లు. ఒకరోజు క్ర్స్‌మాన్ వచ్చాడు.

"తీగ ఎవడిదిరా? మనం చెమటోడ్చి కట్టిందేగా! అమెరికావాడిదా?"

"నాకు తెలీదురా. ఇది పోతే నా పని పోతుంది. నాకదొక్కటే తెలుసు."

మర్నాటికి గోడ మీద 'అమెరికా, పో' కింద ఇంకో వరస చేరింది: 'పోతూ పోతూ ఒబ్రెన్‌ని తీసుకుపో.' అదే నీలం రంగు. రోజూ దాని కిందుగానే పనికి వెళ్లాడు. జులైలో ఎనిమిది నెలలూ నిండాయి, పింఛను కాగితం వచ్చింది. దాన్ని సొరుగులో పెట్టి తాళం వేశాడు, మళ్లీ తీసి చూడలేదు.

నవంబరులో మళ్లీ స్లావా వచ్చింది. ఆ ఏడు శుక్రవారం పడింది, ఆ రోజు మాకు ఉపవాసం, మాంసం లేదు. నది చేపలు వేయించాను, చిక్కుడు గింజలు కుండలో పెట్టాను, ముప్పై మందికి బల్ల వేశాను. పది గంటలకే ఒబ్రెన్ తెల్లచొక్కా తొడుక్కుని బల్ల తలాపున నిలబడ్డాడు.

పన్నెండయింది, ఎవరూ రాలేదు. రెండయింది. ఈ ఏడు ఒబ్రెన్ ఇంటికి పోయినవాడు అమెరికావాడి ఇంటికి పోయినట్టేనని క్ర్స్‌మాన్ ఊళ్లో అన్నాడని రొట్టెల కొట్లో ముందే విన్నాను. మనిషి మీద కోపం సాధువు మీద చూపిస్తారా అని నమ్మలేదు. చూపించారు.

"కూర్చోవయ్యా. ఎవరూ లేరుగా" అన్నాను.

"సాధువు వత్తి ఇంకా వెలుగుతోంది" అన్నాడు. కాసేపటికి గొంతు తగ్గించి, "ఆ హాన్లన్ కూడా రాలేదే. ఇంకా ఊళ్లోనే ఉన్నాడుగా, ఫ్యాక్టరీ లెక్కలు తెమల్లేదుగా. మన గోధుమలు తిన్నాడు. ఒకసారి వచ్చినవాడు రావాలి కదా" అన్నాడు.

ఇరుగుపొరుగు రానందుకు గుడ్లనీరు కుక్కుకున్న మనిషి, అమెరికావాడు రానందుకు నోరు విప్పాడు. నాకు ఏడుపొచ్చింది. అది కనపడకుండా కిటికీ దగ్గరికి వెళ్లాను.

హాన్లన్ వీధి అవతల ఉన్నాడు. మంచి కోటు, చంకలో సీసా, చేతిలో పూలు. మా గేటు వైపు చూస్తాడు, మూలదాకా నడుస్తాడు, మళ్లీ వస్తాడు. పూలు లెక్కపెట్టాను. పదకొండు. ఎవర్నో అడిగి తెలుసుకున్నాడన్నమాట. తెలియనిది ఒక్కటే. కిందటేడు నేను పిలిచాను, అందుకని ఈ ఏడూ ఎవరైనా పిలుస్తారని చూస్తున్నాడు. పిలుపు లేని పండుగకి ఆయనకు పిలుపు అలవాటు చేసింది నేనే.

"ఒబ్రెన్" అన్నాను. "కిందటేడు ఆయన తనంతట రాలేదు. నేనే పిలిచాను."

"పిలిచావా? స్లావాకి?"

"నీ ఎనిమిది నెలల కోసం."

ఒబ్రెన్ బల్ల మీది చెంచా ఒకటి తీసి మళ్లీ సర్దాడు. ఎలాగూ మునిగాం కదా అని, "ఇంకోటి కూడా ఉంది. నీ మోకాలు తీసుకుంది అమెరికా కాదు, నా జామ్ సీసా" అన్నాను.

"ఆ సంగతి నాకా రోజే తెలుసు లేవే. కాలికంటింది కడుక్కున్నది నేను కాదూ?" అన్నాడు. తర్వాత నెమ్మదిగా, "పిలవడమే చెయ్యకుండా ఉండాల్సింది" అన్నాడు. కోపంగా అనలేదు, అలసిపోయి అన్నాడు. అది నాకు ఇంకా గట్టిగా తగిలింది.

కుంటుకుంటూ గేటు దాకా వెళ్లాడు. వీధిలో కర్టెన్లన్నీ కదిలాయి. ఎదురుగా క్ర్స్‌మాన్ తన వాకిట్లో సిగరెట్టు పట్టుకుని నిలబడి చూస్తున్నాడు. పిలవకూడదు. పిలవకపోతే ఆ మనిషి వెళ్లిపోతాడు. ఒబ్రెన్ గేటు తీసి, వీధి వీధంతా వినేలా కేకేశాడు:

"ఏమయ్యా హాన్లన్! ఏడాదికే ఇల్లు మర్చిపోయావా? ఎంతసేపు నిలబెడతావ్ నన్ను? చేపలు చల్లారిపోతున్నాయ్!"

అది పిలుపు కాదు, తిట్టు. మా అత్త వింటే ఒప్పుకునేది.

హాన్లన్ వీధి దాటి వచ్చాడు. క్ర్స్‌మాన్ సిగరెట్టు కింద పడేసి నలిపి లోపలికి వెళ్లిపోయాడు. తలుపు వెయ్యలేదు గానీ, మా ఇంటికీ రాలేదు. హాన్లన్ ఒక చెంచా గోధుమలు తిని, ముప్పై ఖాళీ కుర్చీల్లో కిందటేడు కూర్చున్న కుర్చీనే వెతుక్కుని కూర్చున్నాడు. ఒబ్రెన్ చేప వడ్డించి, బల్ల అంచు పట్టుకుని, బరువంతా ఎడంకాలి మీద వేసి నిలబడ్డాడు. హాన్లన్ ఆ కాలి వైపు చూశాడు.

ఈసారి కూర్చోమనలేదు.