వెనక డాంపర్లు

కొండదారి పందెంలో తన స్పోర్ట్స్ కారు మలుపుల్లో తోక ఊపుతోందని క్రస్త్యో మొత్తుకుంటే, మెకానిక్ ఓగ్న్యాన్ వెనక పాత స్ప్రింగులు, కుదుపులను అణిచే డాంపర్లు తీసేసి కొత్తవి బిగించాడు. శనివారం సాధనలో ఆ కారు బండను గుద్దింది. దాన్ని ట్రక్కు మీద మెకానిక్ షెడ్డుకు తెచ్చిన క్రస్త్యో, నుదుటి నెత్తురైనా తుడుచుకోకుండా, జాకీ రాడ్డుతో ఓగ్న్యాన్ కుడిచేతి మీద బాదాడు. ఎముక విరిగిన చప్పుడు అక్కడే ఉన్న ఓగ్న్యాన్ చెల్లెలు జ్లాటినాకు వినబడింది.

"నన్ను చంపుదామనుకున్నావురా!" అని అరిచాడు క్రస్త్యో.

జ్లాటినా ట్రక్కెక్కి కారు వెనక చక్రం పక్కన వంగి చూసింది. "మా అన్నయ్య డాంపరు గట్టిదనం సర్దే మరను సగానికే తిప్పి పెట్టాడు. ఇప్పుడు చివరంటా బిగించి ఉంది. ఎవరు తిప్పారు?"

క్రస్త్యో రాడ్డు దించాడు. "నేనే. గట్టిగా ఉంటే కారు మలుపుల్లో ఇంకా బాగా తిరుగుతుందనుకున్నా..."

"అంత బిగిస్తే చక్రాలు నేలను వదిలేస్తాయిరా వెధవా! అడిగి చావొచ్చుగా!" అని అరిచింది జ్లాటినా.

దెబ్బకు కూలబడ్డ ఓగ్న్యాన్ లేచి ఎడమచేత్తో క్రస్త్యో దవడ మీద గుద్దాడు. మళ్లీ గుద్దాడు. రెండు పళ్లు రాలాయి. క్రస్త్యో చేతులు అడ్డం పెట్టుకోలేదు. మూడోసారి ఎత్తిన పిడికిలిని జ్లాటినా పట్టుకుంది.

"చాలన్నయ్యా! ఆ చెయ్యి కూడా విరగ్గొట్టుకుంటావా?"

ఆసుపత్రికి ఇద్దరినీ ఆమే తీసుకెళ్లింది. ఎముక అతికింది కానీ, ఓగ్న్యాన్ కుడిచేతి బొటనవేలు మళ్లీ వంగలేదు.